14 నిమిషాల జవాబులో పేరా ఎలా కట్టాలి: రైత్వారీ ప్రశ్న మీద ఒక తమ్ముడికి జవాబు

అడిగింది ఇదీ: "అన్నా, సివిల్స్ మెయిన్స్ తెలుగు మీడియంలో రాస్తున్నాను, హిస్టరీ ఆప్షనల్. నోట్సు రెండుసార్లు తిరగేశాను, తేదీలన్నీ నోటికొచ్చు. అయినా 20 మార్కుల జవాబుకు 7, 8 దాటట్లేదు. దిద్దినవాళ్ళు ప్రతిసారీ 'వివరణ ఉంది, వాదన లేదు' అని రాస్తున్నారు. టైమూ చాలట్లేదు. ఇంట్రో, కంక్లూజన్ ఎలాగో నెట్టుకొస్తున్నా, మధ్య పేరాలే కుదరట్లేదు. 'రైత్వారీ విధానం రైతుకు భూమినిచ్చిందా, భారాన్నిచ్చిందా? విమర్శనాత్మకంగా పరిశీలించండి' అనే ప్రాక్టీసు ప్రశ్నకు నేను రాసిన ఒక పేరా కింద పెడుతున్నా, చూసి చెప్పండి."

తమ్ముడూ, నీ పేరా చూశాను. నీకు చదువు తక్కువై మార్కులు ఆగిపోలేదు, ముందు ఆ దిగులు వదిలెయ్. నేను కూడా ఇదే ఆప్షనల్‌తో తెలుగులో మూడు మెయిన్స్ రాశాను. మొదటి రెండుసార్లు అచ్చం నీలాగే రాశాను. రెండోసారైతే శాశ్వత శిస్తు (జమీందార్లతో కుదుర్చుకున్న, మార్చని శిస్తు) మీద నాకు తెలిసిందంతా కుమ్మరించి, చివర్లో 15 మార్కుల ప్రశ్న ఒకటి ముట్టుకోకుండానే బయటికొచ్చాను. ఆ తర్వాత కొన్నేళ్ళుగా వేరేవాళ్ళ కాపీలు దిద్దుతున్నాను. దిద్దడం మొదలుపెట్టాకే నా పాత కాపీల్లో ఏం తక్కువైందో తెలిసింది.

ముందు నీ పేరా ఇక్కడ పెడతాను, చదివేవాళ్ళకు కూడా తెలియాలి కదా. (కొత్తవాళ్ళకు: రైత్వారీ అంటే జమీందారు లేకుండా కంపెనీ సర్కారు రైతు దగ్గరే నేరుగా భూమి శిస్తు వసూలు చేసిన విధానం. బారామహల్ అంటే ఇప్పటి సేలం వైపు ప్రాంతం, దత్త మండలాలు అంటే రాయలసీమ, బళ్ళారి.)

"రైత్వారీ విధానాన్ని బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ ప్రారంభించాడు. తర్వాత థామస్ మన్రో 1800లో నిజాం నుండి పొందబడిన దత్త మండలాల్లో అమలు చేశాడు. 1820లో మద్రాసు గవర్నర్ అయ్యాక దీనిని మొత్తం ప్రెసిడెన్సీకి విస్తరింపజేశాడు. ఇందులో జమీందారు ఉండడు, రైతుకే పట్టా ఇవ్వబడుతుంది. శిస్తు అధికంగా ఉండేది. అందువల్ల రైతులు అనేక ఇబ్బందులు పడ్డారు."

ఇందులో ఒక్క చిన్న తప్పుంది. 'మొత్తం ప్రెసిడెన్సీ' అనకు. ఉత్తర సర్కారుల్లో, అంటే కోస్తా జిల్లాల్లో, 1802లో పెట్టిన జమీందారీలు చాలాచోట్ల అలాగే నడిచాయి. 1948 చట్టంతో వాటిని రద్దుచేసి రైత్వారీలోకి మార్చేదాకా అవి ఉన్నాయి. మిగతాదంతా సరైనదే. సరైనదే అయినా దీనికి మార్కులు పడవు, ఎందుకంటే నిన్ను అడిగింది ఇది కాదు. భూమా, భారమా అని అడిగితే నువ్వు రైత్వారీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పావు. జవాబు అనదగ్గది చివరి రెండు వాక్యాల్లో, అదీ పోతూపోతూ చెప్పావు.

నాకు తెలిసి మధ్య పేరాకు ఉన్న పని ఒక్కటే: అడిగిన ప్రశ్నకు జవాబులో ఒక మెట్టు కట్టడం. పేరా మొదటి వాక్యంలోనే ఆ మెట్టు ఏమిటో చెప్పాలి. తర్వాత వచ్చేదంతా దాన్ని నిలబెట్టడానికి.

మొదటి వాక్యం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష చెబుతాను. ఆ వాక్యాన్ని ఎవరైనా "కాదు" అనగలరా? "1820లో మన్రో గవర్నర్ అయ్యాడు" అన్న మాటను ఎవరూ కాదనలేరు, కాబట్టి అది సమాచారం. "పట్టా రైతు పేరిటే ఉన్నా శిస్తు రేటు దాన్ని ఉత్త కాగితం చేసింది" అంటే మాత్రం ఎదుటివాడు వాదనకు దిగొచ్చు. దిగితే నీ దగ్గర చెప్పడానికి సరుకుండాలి. ఆ సరుకే పేరాలో మిగిలిన భాగం. కాపీ దిద్దేటప్పుడు నేనైతే పేరాల మొదటి వాక్యాలు గబగబా చూసుకుంటూ పోయి, ఆ తర్వాతే లోపలికి వెళ్తాను. ఆ నాలుగు వాక్యాలూ వరుసగా చదివితే జవాబు అర్థమైపోవాలి. నీ కాపీలో అలా చదివితే నాకు వచ్చేవి రీడ్, మన్రో, పట్టా, సర్వే. వాదన లేదని వాళ్ళు రాస్తున్నది దీన్ని చూసే.

ఇక్కడ తెలుగులో రాసేవాళ్ళకు ఒక చిక్కుంది, ఇంగ్లిష్ మీడియం వాళ్ళ సలహాల్లో ఇది కనిపించదు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. "మన్రో సర్వే చేయించి, పొలాలను వర్గీకరించి, ఒక్కోదానికి శిస్తు కట్టి, కరణాల ద్వారా వసూలు చేయించి..." అని నువ్వు సాగదీస్తే, నువ్వు మెచ్చుకుంటున్నావో తిడుతున్నావో వాక్యం అయిపోయేదాకా తెలీదు. దిద్దేవాడు అప్పటిదాకా ఊపిరి బిగపట్టుకుని ఉండడు, పక్కకు జారిపోతాడు. అందుకని పేరా మొదటి వాక్యం పది మాటలు మించనివ్వకు. అసంపూర్ణ క్రియలు ఒకటికి మించి వద్దు. తేల్చి చెప్పు, ఆగు. కారణం తర్వాతి వాక్యంలో "ఎందుకంటే" అని మొదలుపెట్టు.

ఇంకోటి, నీ పేరాలో "పొందబడిన", "ఇవ్వబడుతుంది" ఉన్నాయి. అనువాద పుస్తకాలు చదివీ చదివీ మనందరికీ పట్టుకున్న జబ్బు ఇది. అందం సంగతి పక్కనపెట్టు. చరిత్ర జవాబులో ఎవరు చేశారు అన్నదే ముఖ్యం. "శిస్తు విధించబడింది" అంటే ఎవరు విధించారు? మన్రోనా, మద్రాసు రెవెన్యూ బోర్డా, లండన్‌లో కూర్చున్న కంపెనీ డైరెక్టర్లా? వీళ్ళ మధ్యే గొడవలున్నాయి, మార్కులు కూడా ఆ గొడవల్లోనే ఉన్నాయి. కర్తను రాస్తే నువ్వు ఆలోచించక తప్పదు.

ఇక టైము. పేపరు 250 మార్కులు, 180 నిమిషాలు. మార్కుకు 43 సెకన్లు. 20 మార్కుల ప్రశ్నకు 14 నిమిషాలు, 15 మార్కులకు 11 కంటే కాస్త తక్కువ, 10 మార్కులకు 7. ఈ 14లో ఒకటిన్నర నిమిషం పెన్ను కాగితం మీద పెట్టకూడదు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి ముందు ప్రశ్నను నీ తెలుగులోకి తెచ్చుకోవాలి, అదీ నీ మాటల్లో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో. "భూమి ఇచ్చాడా, బరువు పెట్టాడా? ఎంతవరకు?" అంతే. ఆ తర్వాత నాలుగు మొదటి వాక్యాలు మనసులో అనుకో, రఫ్ జాగాలో ఒక్కోదానికి రెండు మాటలు గుర్తు పెట్టుకో. ఇది చేయకుండా రాయడం మొదలుపెట్టినవాళ్ళకే టైము చాలదు. చేయి స్లో అని అనుకుంటారు. నిజానికి రాస్తూ రాస్తూ తర్వాతేమిటా అని ఆగిన క్షణాలన్నీ కలిపితే మూడు నాలుగు నిమిషాలు తేలతాయి. ఒకసారి ఫోన్‌లో రికార్డు పెట్టుకుని చూసుకున్నాను, నా పెన్ను ఆగిపోయిన సమయం చూసి నేనే సిగ్గుపడ్డాను.

ఇంట్రోకు, కంక్లూజన్‌కు కలిపి రెండు నిమిషాలు తీసెయ్. మిగిలిన పది చిల్లర నిమిషాల్లో నాలుగు పేరాలు, ఒక్కోటి 40, 50 తెలుగు మాటలు. 250 పదాలు అని ఇంగ్లిష్ మీడియం మిత్రులు చెప్పే లెక్క పట్టుకుని కంగారుపడకు. "కట్టలేకపోయినవాళ్ళందరూ" మనకు ఒకే మాట, వాళ్ళకు అరడజను. నీ లెక్క పేరాల్లో పెట్టుకో.

ఇప్పుడు నీ ప్రశ్నకు నేనైతే అనుకునే నాలుగు మొదటి వాక్యాలు:

చట్టం దృష్టిలో రైత్వారీ రైతుకు భూమినిచ్చిన మాట నిజం.
కానీ శిస్తు రేటు ఆ హక్కును ఉత్త కాగితం చేసింది.
ధరలు పడిపోయిన కాలంలో నగదు శిస్తు ఆ భారాన్ని ఇంకా పెంచింది.
1850ల తర్వాత, నీళ్ళున్న చోట మాత్రం అదే పట్టా ఆస్తి అయింది.

వరుసగా చదువు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి చూడు. మూడోదాన్ని మొదటి స్థానంలో పెడితే కథ చెడిపోతుంది. పేరాల్ని తారుమారు చేసినా జవాబు చెక్కుచెదరలేదంటే అది వాదన కాదు, సరుకుల జాబితా. "రాజకీయ, ఆర్థిక, సామాజిక" అని మూడు పెట్టెలు చేసుకుని నింపే అలవాటు నీకుంటే దాన్ని ఈ కారణంగానే మానుకో. ఆ పెట్టెలు ఏ ప్రశ్నకైనా సరిపోతాయి, అందుకే ఏ ప్రశ్నకూ జవాబివ్వవు.

రెండో పేరాను పూర్తిగా రాసి చూపిస్తాను.

"కానీ శిస్తు రేటు ఆ హక్కును ఉత్త కాగితం చేసింది. దత్త మండలాల్లో మన్రో కట్టిన శిస్తు మొత్తం పంటలో సగానికి దగ్గరగా ఉండేది. అది బరువని గుర్తించి 1807లో మన్రోనే 25 శాతం తగ్గించమని సిఫారసు చేశాడు. పై అధికారులు అప్పట్లో ఒప్పుకోలేదు, ఆ తగ్గింపు 1820లో ఆయన గవర్నరయ్యాకే వచ్చింది. పెట్టుబడి పోను మిగిలేదంతా శిస్తుకే పోతే ఆ పొలాన్ని డబ్బిచ్చి కొనేవాడుండడు. అమ్ముడుపోని భూమి మీద యాజమాన్యం రైతుకు బరువే తప్ప బలం కాలేదు."

ఇందులో తేదీలు నీ పేరాలోకన్నా ఎక్కువేం లేవు. 1807, 1820, 25 శాతం, అంతే. తేడా ఎక్కడుందో చూడు. నువ్వు "శిస్తు అధికంగా ఉండేది, అందువల్ల రైతులు ఇబ్బందులు పడ్డారు" అన్నావు. ఆ రెంటి మధ్యా ఒక గొయ్యి ఉంది, దాన్ని దాటించాల్సింది నువ్వు. శిస్తు ఎక్కువైతే భూమి హక్కు ఎలా పోతుంది? మిగులు ఉండదు, మిగులు లేని పొలానికి అమ్మకపు విలువ ఉండదు, విలువ లేని ఆస్తి ఆస్తి కాదు. ఈ ముడి విప్పి చెప్పే వాక్యం నీ పేరాలో లేదు. నూటికి తొంభై కాపీల్లో ఉండదు. పేరాలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చేది ఆ ఒక్క వాక్యమేనని నా నమ్మకం. ఒక వాస్తవం రాయగానే "అయితే ఏంటట?" అని నిన్ను నువ్వే అడుగు. జవాబు వచ్చేదాకా తర్వాతి వాస్తవం రాయొద్దు.

"అనేక ఇబ్బందులు" అన్న మాటను నీ నిఘంటువులోంచి కొట్టెయ్. ఏ ఇబ్బంది? శిస్తు కట్టలేని రైతును ఎండలో వంగదీసి కట్టేసేవాళ్ళు, చేతివేళ్ళను కర్రల మధ్య పెట్టి నొక్కేవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకు చిత్రహింసలు వాడుతున్నారని ప్రభుత్వం వేసిన కమిషనే 1855లో తేల్చింది. ఇది మూడో పేరాకు సరిపోతుంది. 1820ల నుంచి దాదాపు 1850 దాకా ధాన్యం ధరలు పడుతూ వచ్చాయి, శిస్తు మాత్రం నగదులోనే, అదే మొత్తం. అంటే అంతే శిస్తు కట్టడానికి రైతు మునుపటికంటే ఎక్కువ పుట్ల ధాన్యం అమ్ముకోవాలి. జమీందారు లేడు కాబట్టి వసూలుకు వచ్చేది సర్కారు మనుషులే: తహసీల్దారు, కింద కరణం, మునసబు, బంట్రోతులు. రైతుకూ సర్కారుకూ మధ్య ఎవరూ లేరని గొప్పగా చెప్పుకునే విధానంలో, ఆ మధ్యనున్నవాళ్ళు ఎవరో కమిషన్ చూపించింది. ఇలా రాస్తే కమిషన్ ఉత్త తేదీగా మిగలదు, ప్రశ్నతో ముడిపడుతుంది.

ఉదాహరణల విషయంలో నీకు ఒక హెచ్చరిక. ఇది రాసేసరికి నా దగ్గరకొచ్చిన పాత కాపీలు చాలా గుర్తొస్తున్నాయి. దత్త మండలం అనగానే మనవాళ్ళ చేయి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వైపు పోతుంది. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరిలో ఉరి. కథ గొప్పది, మన సొంతది, రాయకుండా ఉండలేం. కానీ ఆయన పాలెగాళ్ళ వంశస్థుడు. తగాదా మొదలైంది పెన్షన్ దగ్గర, సర్కారు లాక్కున్న మాన్యాల దగ్గర. పట్టాదారు రైతుకు శిస్తు భారమైందనడానికి దాన్ని సాక్ష్యంగా పెడితే, తెలిసిన ఎగ్జామినర్ పెన్ను అక్కడే ఆగుతుంది. పాలెగాళ్ళను తీసేసి రైతుతో నేరుగా ఒప్పందం చేసుకోవడంలో ఎవరు నష్టపోయారు అన్నది నీ పాయింటైతే మాత్రం ఆయన అక్కడ చక్కగా ఒదుగుతాడు.

అలాగే 1832-33 గుంటూరు కరువు, నందన నామ సంవత్సరంలో వచ్చింది. రైత్వారీ దుష్ఫలితం అని దీన్ని రాసినవాళ్ళను లెక్కపెట్టలేను. అప్పటికి గుంటూరు జమీందారీల జిల్లా! వాసిరెడ్డి వారి లాంటి పెద్ద జమీలు అక్కడివే. ఆ కరువుతో నువ్వు ఏదైనా నిరూపించాలంటే జమీందారీ గురించే నిరూపించాలి. రైత్వారీ ప్రాంతంలో కరువు కావాలంటే 1876-78 నాటి ధాత కరువు ఉంది, బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చేసింది. ఉదాహరణ రాసేముందు ఊరు ఏది, ఏళ్ళు ఏవి, అక్కడ ఆ రోజున నడుస్తున్న విధానం ఏది, ఈ మూడూ చూసుకో. మన జిల్లా పేరు కనబడగానే పొంగిపోవడం వల్లే ఎక్కువ తప్పులు వస్తాయి.

"విమర్శనాత్మకంగా" అన్న మాటకు సగం మంది "లాభాలు, నష్టాలు" అని అర్థం చెప్పుకుంటారు. రెండు పేరాలు లాభాలు, రెండు నష్టాలు, చివర "ఈ విధంగా రెండూ ఉన్నాయి" అని ముగింపు. తరాజులో వేసి చేయి దులుపుకోవడం అది. నాలుగో పేరా ఎలా కట్టానో చూడు:

"1850ల తర్వాత, నీళ్ళున్న చోట మాత్రం అదే పట్టా ఆస్తి అయింది. ఎందుకంటే ధరలు పెరిగాయి, శిస్తు అంత వేగంగా పెరగలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాలో పొలానికి మిగులు తేలింది, కొనేవాళ్ళు వచ్చారు. అదే పట్టా చేతిలో ఉన్న బళ్ళారి, కర్నూలు రైతు 1876-78 కరువులో కూలికి పోయాడు. భూమిని ఆస్తిగా మార్చింది పట్టా కాదు, శిస్తు పోను మిగిలిన పంట."

ఇది "మరోవైపు లాభాలు కూడా ఉన్నాయి" అనడం లేదు. రెండో పేరాలో చెప్పిన మిగులు సూత్రాన్నే తీసుకెళ్ళి, అది ఎక్కడ తిరగబడిందో చూపిస్తోంది. ఎదురు సాక్ష్యం నీ వాదనను పాడుచేయకుండా పదునుపెట్టాలి. "ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి" అన్న మూడు ప్రశ్నల్లో ఒకటి అడిగితే ఈ పేరా దానంతటదే పుడుతుంది. ఇక్కడిదాకా వచ్చాక కంక్లూజన్ కోసం వెతుక్కోనక్కర్లేదు, చివరి వాక్యాన్నే కాస్త విప్పి రెండు లైన్లు రాసెయ్.

మొదటి పేరా గురించి పెద్దగా చెప్పను. అందులో రీడ్, మన్రో, జమీందారు లేకపోవడం, పట్టా అన్నీ మూడు వాక్యాల్లో వెళ్ళిపోవాలి. నీ పాత పేరాలో సగం ఇందులోకి వస్తుంది, వృథా కాదు.

చరిత్రకారుల పేర్లు వేయాలా అని చాలామంది అడుగుతారు. పేరు వేస్తే ఆయన ఏమన్నాడో, నువ్వు ఒప్పుకుంటావో లేదో కూడా వేయాలి. రమేశ్ చంద్ర దత్ మితిమీరిన శిస్తే రైతు పేదరికానికి మూలమన్నాడు. నాలుగో పేరాలో డెల్టా సంగతి చెప్పి "దత్ మాట 1850కి ముందు సరిపోయినంతగా తర్వాత సరిపోదు" అంటే అది పని చేసిన పేరు. ఊరికే బ్రాకెట్లో పేరు పడేస్తే పెళ్ళిపత్రికలో బంధువుల లిస్టులా ఉంటుంది.

బుల్లెట్ పాయింట్లు? హిస్టరీ ఆప్షనల్‌లో 20 మార్కులకు వద్దు. చుక్క పెట్టగానే "అయితే ఏంటట" అన్న వాక్యం ఎగిరిపోతుంది, నా కాపీల్లో కూడా అదే జరిగింది. జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్లలో వేరే సంగతి. గ్రూప్-1 మెయిన్స్ రాసే మిత్రులకు కూడా ఇదే వర్తిస్తుంది, పేరాలు రెండో మూడో ఉంటాయి, అంతే తేడా.

ఒకవేళ హాల్లో నిజంగానే టైము తప్పితే, 14లో 11 నిమిషాలు అయిపోయి రెండు పేరాలే రాసి ఉంటే, మూడో పేరాను నిండుగా రాయడానికి కూర్చోకు. మూడో, నాలుగో పేరాల మొదటి వాక్యాలు రెండూ రాసి, ఒక్కోదాని కింద ఒక్కో వాస్తవం పెట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపో. నీ వాదన ఆకారం కాగితం మీద కనిపిస్తుంది. సగంలో తెగిపోయిన అందమైన పేరా కంటే అది మేలు. అసలు ఆ మొదటి వాక్యాలు ముందే అనుకుని ఉంటేనే ఈ పని వీలవుతుంది, అందుకే మొదట్లో ఆ ఒకటిన్నర నిమిషం అంతగా పట్టుబట్టాను.

ప్రాక్టీసు సంగతి. ఈ వారం నువ్వు ఒక్క పూర్తి జవాబు కూడా రాయొద్దు. లైబ్రరీలో కూర్చుని రోజుకు ఐదు ప్రశ్నలు తీసుకో, ఒక్కోదానికి రెండు నిమిషాలు పెట్టుకుని నాలుగేసి మొదటి వాక్యాలు మాత్రం రాయి. పక్క సీటులో ఉన్నవాడికి ప్రశ్న చూపించకుండా ఆ నాలుగూ చదివి వినిపించు, ప్రశ్న ఏమై ఉంటుందో చెప్పమను. వాడు చెప్పగలిగితే కుదిరినట్టే. రెండోవారం ఆ నాలుగింట్లో ఏదో ఒక్కదాన్నే పూర్తి పేరాగా రెండున్నర నిమిషాల్లో రాయి. మూడోవారానికి గానీ 14 నిమిషాల గడియారం పెట్టకు.

ఈ రాత్రికి ఒకటి చేసి పంపు: "దక్షిణాదిలో 1857 తిరుగుబాటు ఎందుకు బలపడలేదు?" నాలుగు వాక్యాలు చాలు, పేరాలు వద్దు. 1857 జూలైలో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ చేసిన దాడిని ఆ నాలుగింట్లో ఏ వాక్యం కింద పెడతావో కూడా రాయి. రేపు పొద్దున చూస్తాను.